ర్యాంపు కట్టేశాం అంటే సరిపోదు

జీఎస్-2లో దివ్యాంగుల విద్య మీద ప్రశ్న రాగానే మనందరి పెన్నూ ఒకే వాక్యం రాస్తుంది: ‘పాఠశాలల్లో ర్యాంపులు నిర్మించాలి.’ మార్కు పడుతుందేమో గానీ అది బద్ధకపు జవాబు. ప్రభుత్వాలు చేస్తున్నదీ అదే బద్ధకం.

చట్టం స్పష్టంగానే ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం-2016, సెక్షన్ 16 ప్రకారం బడి భవనం, ఆవరణ అందుబాటులో ఉండాలి. సెక్షన్ 45 పాత భవనాలను సరిచేయడానికి నిబంధనలు వచ్చాక ఐదేళ్లు గడువిచ్చింది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. అంటే ఆ గడువు 2022లోనే తీరిపోయింది. యూడైస్ ప్లస్ ఫారంలో మాత్రం ర్యాంపు ఉందా, దానికి చేతికమ్మీ ఉందా అని గడులున్నాయి. టిక్కు పడితే పని అయిపోయినట్టే.

నేనుండే నిమ్‌పురా గూడ్స్ యార్డుకు పేరున్న చోటు. స్టేషన్ యార్డుల్లో పట్టాల వాలు సాధారణంగా 1:400 దాటనివ్వరు, నిలిపిన వ్యాగన్ దానంతట అది దొర్లిపోకూడదని. చక్రాల కుర్చీకీ లెక్క ఉంది: 1:12. బడి అరుగు మూడు మెట్లు, అంటే 45 సెంటీమీటర్లు ఉంటే ర్యాంపు 5.4 మీటర్లు సాగాలి. స్థలం లేదని రెండు మీటర్లకు కుదిస్తే అది జారుడుబల్ల. వ్యాగన్‌కు చూపించే శ్రద్ధ పిల్లాడికి చూపించరా?

సరే, పైకి చేరింది అనుకుందాం. గడప అడ్డం. తలుపు 900 మిల్లీమీటర్లు లేదు. మరుగుదొడ్డిలో కుర్చీ తిరగడానికి 1500 మిల్లీమీటర్ల జాగా కావాలి, లేదు. ఆ అమ్మాయి బడికొచ్చిన రోజంతా మంచినీళ్లు తాగదు. ఇంత చెప్పినా ఇది కదలికల సమస్య ఒక్కటే. చట్టం గుర్తించిన వైకల్యాలు 21. బోసి సిమెంటు గదిలో మాట ప్రతిధ్వనిస్తే వినికిడి యంత్రం పెట్టుకున్న పిల్లాడికి పాఠం గోలే. బోర్డు మీద కిటికీ వెలుగు మెరిస్తే చూపు తక్కువున్న పిల్లకు అక్షరం కనపడదు. మెట్టు అంచుకు ముదురు రంగు గీత గీయడానికి ఎంతవుతుంది?

‘మా బడిలో అలాంటి పిల్లలే లేరండీ’ అంటారు. మెట్లు చూసి వెనక్కి వెళ్లినవాళ్లు హాజరుపట్టీలో ఎలా ఉంటారు?

ఖర్చు అనే వాదన కొత్త భవనాలకు అసలు నిలవదు. కిటికీ జరపడానికి, తలుపు వెడల్పు చేయడానికి డ్రాయింగ్ దశలో పెన్సిలు చాలు. స్లాబు పడ్డాకే గోడ పగలగొట్టాల్సి వస్తుంది.

రాజీవ్ రాతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇలాంటిదే. హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయం ఇచ్చిన నివేదికను చూసి, నిబంధన 15(1) సలహాలా ఉందని, చట్టానికి అది విరుద్ధమని తేల్చింది. తప్పనిసరి ప్రమాణాలు రూపొందించాలని కేంద్రానికి మూడు నెలలు గడువిచ్చింది.

కాబట్టి జవాబులో ర్యాంపు బదులు సెక్షన్ 44 రాయండి. ప్రమాణాలు పాటించని భవనానికి పూర్తి ధ్రువపత్రం ఇవ్వకూడదని అందులో ఉంది. ఇంజినీరు ఆ సంతకం పెట్టే ముందు చక్రాల కుర్చీని గేటు నుంచి తరగతికి, అక్కణ్నుంచి మరుగుదొడ్డికి తోసి చూడాలి. అది ఎక్కడ ఆగితే కాంట్రాక్టరు బిల్లు అక్కడే ఆపాలి.