కొండలు కావాలి, కొండలవాళ్ళు వద్దా?

మొన్న 2025 సంక్రాంతి సెలవుల్లో జంగారెడ్డిగూడెం నుంచి మా రెండు కుటుంబాలం అరకు వెళ్ళాం. కోయవాళ్ళం డబ్బులు పెట్టి కొండలు చూడ్డానికి పోవడమేమిటని మా అమ్మ నవ్వింది. పిల్లలు అడిగారు, వెళ్ళాం. విశాఖలో తెల్లవారుజామున కిరండూల్ రైలెక్కాం. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో కేకలు, వాటిలో మా పిల్లల కేకలూ ఉన్నాయి. ఆ పట్టాలు 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చడానికి వేసినవని వాళ్ళకు చెప్పాం. కొండల్లోకి మొదట తవ్వుకుపోవడానికి వచ్చారు, ఇప్పుడు చూసిపోవడానికి వస్తున్నారు. లోయ మాత్రం నిజంగా అందమైనదే. దానితో మాకు పేచీ లేదు.

ఒక తోట గేటు దగ్గర ఆదివాసీ చీరలు, పూసలు అద్దెకిస్తున్నారు. పట్నం ఆడపిల్లలు కట్టుకుని, ఫొటోలు దిగి, పది నిమిషాల్లో విప్పేసి పోతున్నారు. రాత్రి మేం దిగిన చోట థింసా ఆడించారు. ఇటుకల పండక్కి, పెళ్ళిళ్ళకి చేతులు పెనవేసుకుని ఊరంతా ఆడే ఆట అది. ఇక్కడ వచ్చినవాళ్ళ భోజనాలయ్యేదాకా ఆడాలి. ఆ చలిలో చెప్పుల్లేకుండా ఆడుతున్నవాళ్ళలో మా అమ్మ వయసావిడ ఉంది. పక్క కుర్చీలో పెద్దమనిషి "ఇంకాస్త హుషారుగా" అని అరిచాడు. మా పెద్దమ్మాయి తింటున్న ప్లేటు కింద పెట్టేసింది. ఇది మాకు కొత్త కాదు. మా వైపు భూమి పండక్కి ఆడే కొమ్ము ఆటను మంత్రుల స్వాగతానికి వాడుకోవడం ఎన్నాళ్ళ నుంచో చూస్తున్నాం.

ఆ పెద్దమనిషే తర్వాత అన్నాడు: "ఇక్కడ ఓ ఎకరం కొందామంటే 1/70 అడ్డమండీ."

మేం ఇంటికొచ్చి రెండు వారాలు దాటిందో లేదో, అదే మాట పై నుంచి వినబడింది. జనవరి చివర విశాఖలో జరిగిన పర్యాటక పెట్టుబడుల సదస్సులో శాసనసభ స్పీకర్, పర్యాటకం కోసం 1/70 చట్టాన్ని సవరించాలన్నారు. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో మన్యం బంద్ పాటించింది. చట్టం మార్చబోమని ముఖ్యమంత్రి చెప్పవలసి వచ్చింది. మాట వెనక్కి తగ్గింది, ఆశ తగ్గలేదు.

అసలు ఆ చట్టం చెప్పేదేమిటి? షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని ఎవరు అమ్మినా ఆదివాసీకి, లేదా ఆదివాసుల సహకార సంఘానికే అమ్మాలి. అంతే. చూడ్డానికి రావద్దనలేదు, అన్నం పెట్టొద్దనలేదు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది: ఇక్కడ ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకు గనుల లీజుకివ్వడానికి వీల్లేదు. ఆ కేసు పుట్టింది బొర్రా దగ్గరే. ఆనాడు అక్కడి ఆదివాసులు గనుల కంపెనీలకు ఎదురు నిలబడకపోతే, ఈనాడు టికెట్ కొని చూడ్డానికి ఏం మిగిలేది? అందం చట్టానికి అడ్డమా, చట్టం వల్ల అందం మిగిలిందా?

"పర్యాటకం వస్తే మీకు ఉద్యోగాలొస్తాయి కదా" అంటారు. ఏ ఉద్యోగాలు? గదులు ఊడ్చేవి, బొంగులో కోడి కాల్చేవి, రాత్రిపూట ఆడేవి. గల్లాపెట్టె దగ్గర మనవాళ్ళు ఎందరున్నారు? వ్యూపాయింట్ దాకా తారురోడ్డు ఉంటుంది. అదే మన్యంలో కొండమీది ఊళ్ళ నుంచి గర్భిణిని ఇప్పటికీ డోలీలో మోసుకొస్తున్నారు.

తప్పంతా బయటివాళ్ళ మీదే వేసి ఊరుకోలేం. చాలాచోట్ల డబ్బు వాళ్ళది, కాగితం మీద పేరు మనవాడిది. ఏడాదికి కొంత పుచ్చుకుని బినామీగా సంతకం పెట్టినవాడు చట్టాన్ని ఇంట్లోంచే పడగొడుతున్నాడు. ఉద్యోగాలొచ్చి పట్నంలో ఇళ్ళు కట్టుకున్న మాలాంటివాళ్ళం ఏం చేస్తున్నాం? ఆ రాత్రి మేమూ ఆ కుర్చీల్లోనే కూర్చున్నాం. పిల్ల ప్లేటు పెట్టేసింది. మేం తిన్నాం.

భూమి పోతే ఏమవుతుందో మేం వేరేచోట చూడనక్కర్లేదు. పోలవరం కోసం గోదావరి ఒడ్డు వదిలి వచ్చినవాళ్ళ కాలనీలు మా చుట్టుపక్కలే ఉన్నాయి. లాంచీలో కూర్చుని పాపికొండల్ని మెచ్చుకునేవాళ్ళకు ఆ ఒడ్డున ఎవరి ఊళ్ళుండేవో తెలియదు.

అందుకే మేం కోరేది ఇది. ఏజెన్సీలో ఏ రిసార్టుకైనా 1996 పెసా చట్టం ప్రకారం ముందు గ్రామసభను అడగాలి. నడిపేది ఆదివాసుల సహకార సంఘాలు కావాలి, ప్రభుత్వం వాటికి అప్పు, శిక్షణ ఇవ్వాలి. ఇక్కడ గనుల లాభంలో కనీసం 20 శాతం ఆదివాసుల బాగుకే పెట్టాలని సమత తీర్పు చెప్పింది. పర్యాటకానికీ ఆ లెక్క పెట్టాలి. బినామీలను బయటపెట్టాలి, ముందు మన ఊళ్ళలో. ఆట ఎప్పుడు ఆడాలో, ఎక్కడ ఆడాలో ఆడేవాళ్ళే చెప్పాలి.

చుట్టాలుగా రండి, చాప వేస్తాం. చాప కింద నేల మాత్రం మాది. మావ నాటే మావ రాజ్.