పురిటి గదిలో సంస్కృతి ఎవరిది?

వలసపోయిన ఆడవాళ్ల కాన్పుల గురించి మాట్లాడేవాళ్లు "సంస్కృతుల తేడా" అని తేల్చేస్తుంటారు. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఆ మాట మీదే అనుమానం. సంస్కృతి ఎప్పుడూ వలస వచ్చిన ఆమెకే ఉంటుందట. ఆసుపత్రికి ఉన్నది సైన్సేనట!

సవితా హలప్పనవర్ గుర్తుందా? కర్ణాటక నుంచి ఐర్లండ్ వెళ్లిన దంతవైద్యురాలు. 31 ఏళ్లు. 2012 అక్టోబరులో 17 వారాల గర్భంతో గాల్వే ఆసుపత్రిలో చేరింది. గర్భం నిలవదని డాక్టర్లే చెప్పారు. తీసేయమంటే, పిండం గుండె కొట్టుకుంటోంది కాబట్టి కుదరదన్నారు. ఇది క్యాథలిక్ దేశమని తాను అన్నమాట నిజమేనని అక్కడి మిడ్‌వైఫ్ ఒకామె విచారణలో ఒప్పుకుంది. ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకి అక్టోబరు 28న సవిత చనిపోయింది. ఇప్పుడు చెప్పండి, ఆ గదిలో సంస్కృతి ఎవరిది? 2018 రెఫరెండంలో 66.4 శాతం మంది ఓటేస్తేగానీ అక్కడి రాజ్యాంగం మారలేదు.

బ్రిటన్ సంగతి చూడండి. 2019-21 లెక్కల్లో మాతృమరణాలు తెల్లజాతి స్త్రీలకంటే నల్లజాతి స్త్రీలలో దాదాపు నాలుగు రెట్లు, ఆసియా స్త్రీలలో దాదాపు రెండు రెట్లు. వీళ్లలో అక్కడే పుట్టి, ఇంగ్లీషులోనే పెరిగినవాళ్లూ ఉన్నారు. లోపం ఆమె నోట్లో ఉందా, వినాల్సిన చెవుల్లో ఉందా?

ఆచారాలు పట్టించుకోవద్దని నేననడం లేదు. ఆమె తినే తిండి, ఆమె సిగ్గు, ఆమె భయం తెలియాల్సిందే. కానీ ఆమెనే అడగాలి. గర్భిణికి భర్తో, బంధువులో కాకుండా బయటి దుబాసీ ఉండాలని బ్రిటన్ 2010లోనే మార్గదర్శకం రాసుకుంది. మొగుడే దుబాసీ అయితే మొగుడు కొట్టిన సంగతి ఎవరికి చెబుతుంది?

ఇంకో చిక్కుంది. అక్కడి "ఆసియా" గడిలో కులం కనిపించదు. "భారతీయ స్త్రీ" అంటే సీమంతం, శాకాహారం, నలభై రోజులు గడప దాటకపోవడం అని రాసుకుంటే అది ఎవరి సంస్కృతి? నొప్పులొచ్చేదాకా నాట్లేసిన మన అమ్మమ్మలు అందులో ఎక్కడున్నారు? ఎన్నో ఊళ్లలో బొడ్డు కోసింది మన ఆడవాళ్ల చేతులే. పురుడు వెళ్లాక అవే చేతులు తగిలితే మైల!

ఐర్లండ్‌ని తిట్టి ఊరుకుంటే సరిపోదు. ఒడిశా బలంగీర్, నువాపడల నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకొచ్చే దళిత, ఆదివాసీ గర్భిణులకు మనమే పరాయి దేశం. మీ మండలం పీహెచ్‌సీలో ఒడియా తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? వెళ్లి అడగండి. లేకపోతే డీఎంహెచ్‌ఓకి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి.

జై భీమ్.