కంప్యూటరు లోకం: తల్లి చెరిగితే పిల్లలు మాయం

కొన్నేళ్ల క్రితం ఒక కార్యాలయంలో జరిగిన సంఘటనతో ఈ నెల ముచ్చట ప్రారంభిస్తాను. పదవీ విరమణ చేసిన ఒక ఉద్యోగి కాలధర్మం చెందారు. ఆయన సతీమణి కుటుంబ పింఛను దరఖాస్తు కోసం వచ్చారు. "నమూనా వెబ్‌సైటులో ఉందమ్మా, అక్కడి నుంచి తీసుకోండి" అని గుమాస్తా చెప్పి పంపించాడు. ఆమె కుమారుడు రెండు రాత్రులు కూర్చుని వెతికినా ఆ పుట దొరకలేదు. మూడవ నాడు ఆమె మళ్లీ వచ్చి, "అన్నయ్యగారూ, ఉన్నదంటున్నారు, మాకు కనబడటం లేదు. చూడటం మాకే చేతకావడం లేదా?" అని నన్ను అడిగారు.

లోపం ఆమెది కాదు. పుట ఉన్నది, దానిని చేరే దారి తెగిపోయింది. ఎలా తెగిందో గ్రహించాలంటే, వెబ్‌సైటులో మనం నొక్కే మెనూ ఎలా తయారవుతుందో ముందుగా తెలుసుకోవాలి.

తొలినాళ్లలో మెనూను ప్రతి పుటలోనూ చేత్తో వ్రాసేవారు. ఒక శీర్షిక మారితే అన్ని పుటలనూ దిద్దవలసి వచ్చేది. ఈ శ్రమ తప్పించడానికి శీర్షికలన్నింటినీ డేటాబేస్‌లో ఒకే పట్టికగా ఉంచి, పుట తెరిచినప్పుడల్లా అందులో నుంచి మెనూను అల్లించే పద్ధతి వచ్చింది. పట్టికలో ఒక్కొక్క శీర్షికకు ఒక్కొక్క వరుస. దానిలో ఆ శీర్షిక సంఖ్య, పేరు, పుట చిరునామా, ఏది ముందు ఏది వెనుక అనే క్రమం ఉంటాయి. వీటన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. అదే 'తల్లి సంఖ్య', అంటే ఈ శీర్షిక ఏ శీర్షిక కిందికి వస్తుందో తెలిపే అంకె.

ఉదాహరణకు:

1 – ఉద్యోగి సేవలు – తల్లి లేదు
2 – వైద్యం – తల్లి 1
3 – పింఛను – తల్లి 1
4 – కుటుంబ పింఛను – తల్లి 3
5 – దరఖాస్తు నమూనా – తల్లి 4

పెళ్లింట చేరిన బంధువులలో ఒక్కొక్కరినీ "మీ తండ్రిగారెవరు?" అని మాత్రమే అడిగి వ్రాసుకోండి. తాతల పేర్లు, ముత్తాతల పేర్లు వేరుగా అడగనక్కరలేదు. సాయంకాలానికి వంశవృక్షమంతా కాగితంపై గీయవచ్చు. పై పట్టికలోని కిటుకు సరిగ్గా ఇదే.

ఇక్కడ ఒక చిన్న చరిత్ర ఉన్నది. చెట్టు ఆకారంలో సమాచారాన్ని దాచే డేటాబేస్ పట్టికల కంటే ముందే పుట్టింది. చంద్రయానానికి ఉద్దేశించిన అపోలో పథకంలో రాకెట్టు విడిభాగాల జాబితాను నిర్వహించడానికి ఐబీఎం సంస్థ ఇతర సంస్థలతో కలిసి ఐఎంఎస్ అనే వ్యవస్థను రూపొందించింది. అది 1968లో పనిచేయడం మొదలుపెట్టింది. పెద్ద భాగం, దాని కింద ఉపభాగం, దాని కింద బోల్టు, నట్టు అన్న వరుస మన ఇంజనీర్లకు కొత్త కాదు. తరువాత 1970లో అదే ఐబీఎంలో పనిచేస్తున్న ఇ. ఎఫ్. కాడ్, సమాచారమంతటినీ పట్టికలుగా అమర్చే సిద్ధాంతాన్ని ప్రకటించారు. ఈనాటి బ్యాంకులు, కార్యాలయాలు అత్యధికంగా ఆ సిద్ధాంతం మీదనే నడుస్తున్నాయి. పట్టికలో వరుసలన్నీ సమానమే. పైది, కిందిది అన్న భేదం లేదు. అందుచేత చెట్టు కావాలంటే తల్లి సంఖ్యల సాయంతో దానిని మనమే తిరిగి నిలబెట్టుకోవాలి.

ఎలా నిలబెట్టాలి? కొత్తగా నేర్చినవారు చేసే పద్ధతి ఒకటున్నది. ముందుగా తల్లి లేని శీర్షికలను డేటాబేస్‌ను అడుగుతారు. ఆ తరువాత ఒక్కొక్క శీర్షిక దగ్గర ఆగి, "నీ పిల్లలెవరు?" అని మళ్లీ అడుగుతారు. 200 శీర్షికలుంటే ఒక్క పుట తెరవడానికి 201 ప్రశ్నలు! స్టోర్సు నుంచి 200 వస్తువులు కావలసినవాడు ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క ఇండెంటు పట్టుకుని తిరిగినట్లుంటుంది. అనుభవజ్ఞులు ఒకే ప్రశ్నతో 200 వరుసలనూ క్రమం ప్రకారం తెప్పించుకుంటారు. ఒకే తల్లి గల వాటిని ఒక్కొక్క కట్టగా కడతారు. తల్లి లేని కట్టతో మొదలుపెట్టి, ప్రతి శీర్షికను వ్రాయగానే దాని సంఖ్య గల కట్టను విప్పి, అందులోని వాటికీ అదే పని చేస్తారు. ఇలా తన పనిని తానే మళ్లీ పిలుచుకునే విధానానికే రికర్షన్ అని పేరు. రెండంతస్తులైనా పదంతస్తులైనా ప్రోగ్రాము మారదు.

డేటాబేసే ఈ పని చేసిపెట్టే సదుపాయం కూడా ఉన్నది. 1999 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో 'విత్ రికర్సివ్' అనే నిర్మాణం చేరింది. పోస్ట్‌గ్రెస్‌లో అది 2009లోనూ, మైఎస్‌క్యూఎల్‌లో 2018లోనూ ప్రవేశించింది. మరొక పద్ధతిని జో సెల్కో తన రచనల ద్వారా ప్రచారంలోకి తెచ్చారు. చెట్టు చుట్టూ ప్రదక్షిణ చేస్తూ, ప్రతి శీర్షికలో ప్రవేశించేటప్పుడు ఒక అంకె, వెలువడేటప్పుడు ఒక అంకె వేయడం అందులోని ఉపాయం. ఆ రెండంకెల నడుమ పడినవన్నీ దాని సంతానమే. చదవడానికి ఇది అతి వేగం. కానీ మధ్యలో ఒక కొత్త శీర్షిక చేరితే అటు తరువాతి అంకెలన్నీ మార్చవలసిందే. తరచు మారని మెనూలకే ఇది తగినది.

ఇక ఆ తల్లి కథకు వద్దాం. ఆ కార్యాలయంలో రెండు విభాగాలను కలిపివేశారు. పాత విభాగపు శీర్షికతో పనిలేదని ఎవరో పట్టికలో ఆ వరుసను చెరిపివేశారు. దాని కిందనున్న 11 వరుసలు చెక్కుచెదరక ఉన్నాయి. కానీ వాటి తల్లి సంఖ్య లేని వరుసను చూపుతున్నది. పైనుంచి దిగివచ్చే ప్రోగ్రాము వాటి దగ్గరికి ఎన్నడూ రాదు. దోషమున్నట్లు ఎర్ర అక్షరమైనా కనిపించదు. రెండు శీర్షికలు పొరపాటున ఒకదానికొకటి తల్లిగా నమోదైనా ఇదే గతి. పైనుంచి చూస్తే అవి మాయమవుతాయి. కిందినుంచి పైకి దారి వెతికే ప్రోగ్రామైతే వాటి మధ్య గానుగెద్దు వలె అంతులేకుండా తిరుగుతుంది.

నివారణ కష్టమేమీ కాదు. పిల్లలున్న వరుసను చెరపనివ్వకుండా ఫారిన్ కీ అనే నిబంధన పెట్టవచ్చు. తల్లితోపాటు పిల్లలనూ తుడిచిపెట్టే నిబంధన కూడా ఉన్నది. మెనూ విషయంలో దాని జోలికి పోకపోవడమే మేలు. తల్లిని మార్చేటప్పుడు, కొత్త తల్లి ఆ శీర్షిక సంతానంలోనిదే కాదుగదా అని ప్రోగ్రాము పరీక్షించాలి. అన్నిటికన్నా తేలికైన తనిఖీ మన స్టోర్సు వారికి తెలిసినదే: నిల్వ సరిచూసుకోవడం. పట్టికలో 214 వరుసలుండి మెనూలో 203 మాత్రమే కనిపిస్తే, మిగిలిన 11 ఎక్కడ? ఈ లెక్క వారానికొకసారి వేసినా ఆ లోపం ఏనాడో బయటపడేది.

ఆనాడు ఆ 11 వరుసలకు కొత్త విభాగపు సంఖ్యను తల్లిగా వ్రాయడానికి పట్టిన కాలం పది నిమిషాలు. నమూనాను అచ్చువేసి ఆమె చేతికిచ్చాను. ఆమె దానిని మడిచి సంచిలో పెట్టుకుంటూ, "మాలాగా ఇంకెంతమంది వచ్చి వెనక్కి వెళ్లారో" అన్నారు. ఆ ప్రశ్నకు ఏ పట్టికలోనూ జవాబు లేదు. విభాగాలను కలపవచ్చు, పేర్లు మార్చవచ్చు. ఒక వరుసను చెరిపే ముందు మాత్రం దాని కింద ఎవరున్నారో ఒక్కసారి చూద్దాం.