టిక్కెట్ ఉన్నా అనుమానమే

మా కర్నూలుకీ కడపకీ లోకల్ రైళ్లు లేవు. ప్యాసింజరే మాకు లోకల్. హైదరాబాద్‌కి 2003లో ఎం.ఎం.టి.ఎస్. వచ్చింది. కరువుకి తాళలేక అక్కడికి కూలికిపోయే మేం మాత్రం జనరల్ పెట్టెలో ఒంటికాలి మీదే పోతున్నాం. కడపకి రైలొచ్చి నూటయాభై ఏళ్లు దాటింది. ఇప్పటికీ మా ఆడవాళ్లు దొడ్డిలో నీళ్లుండవని నోరెండబెట్టుకుని రైలెక్కుతారు.

2020లో కరోనాకి ప్యాసింజర్లు ఆగాయి. మళ్లీ నడిపినప్పుడు ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అని పేరు మార్చి, పది రూపాయల కనీస చార్జీని ముప్పై చేశారు. పదికి దించింది 2024లో. బీడీలు చుట్టే చేతుల్లోంచి ఆ ఇరవై లాక్కున్నది ఎవరి కోసం?

ఇంతవరకూ బాధ అందరిదీ. ఇక్కణ్ణుంచి మాది మాత్రమే.

2017 జూన్‌లో ఈద్ బట్టలు కొనుక్కుని ఢిల్లీ నుంచి లోకల్ రైల్లో ఇంటికి పోతున్న జునైద్‌ని పొడిచి చంపారు. సీటు దగ్గర మొదలైన తగాదా మా టోపీల మీదకీ తిండి మీదకీ పోయిందని వెంట ఉన్న సోదరుడు చెప్పాడు. 2023 జూలై 31న జైపూర్ - ముంబై రైల్లో కాపలా కానిస్టేబులే తన పై అధికారినీ ముగ్గురు ముస్లిం ప్రయాణికుల్నీ కాల్చి చంపాడని కేసు. సీటడిగితే కత్తి, రక్షణ అడిగితే తుపాకీ అయితే మేమెవరికి ఫిర్యాదు చెయ్యాలి?

అదే ఏడాది జూన్ 2న బాలాసోర్‌లో 290 మందికి పైగా చచ్చిపోయారు. శవాలు తియ్యకముందే పట్టాల పక్కన మసీదుందన్నారు, స్టేషన్ మాస్టరు మావాడన్నారు. ఆ కట్టడం ఇస్కాన్ గుడి. స్టేషన్ మాస్టరు మాటా అబద్ధమే. తప్పు సిగ్నల్ వైర్ల పనిలో జరిగిందని రైల్వే భద్రతా విచారణే తేల్చింది. పుకారు పుట్టించినవాళ్లు మమ్మల్ని క్షమించమని అడిగారా?

లౌకిక మిత్రులారా, ఇది మతం గొడవ, రైలు గొడవ కాదంటారా? మమ్మల్ని అనుమానించే పనిలో మీరుంటే సిగ్నల్ పాడుచేసినవాణ్ణి, పెట్టెలు తగ్గించినవాణ్ణి అడిగేదెవరు? ఆ పెట్టెలో నలిగేది మీ అమ్మ కూడా.

తెల్లవాడి కాలంలో స్టేషన్లలో హిందూ నీళ్లు, ముస్లిం నీళ్లు అని వేరువేరు కుండలుండేవి. మాకు వేరే కుండ వద్దు, వేరే పెట్టె వద్దు. ఎక్కువ జనరల్ పెట్టెలు, నీళ్లున్న దొడ్డి, పేరడక్కుండా కాపాడే కాపలా కావాలి. అందరికీ కావాలి. టిక్కెట్ మేమూ కొన్నాం. మమ్మల్ని దిగమనే హక్కు ఎవడికీ లేదు.