వాజీకరణం పేరిట వంచన

బస్టాండు గోడలు, కరెంటు స్తంభాలు, మూత్రశాలల తలుపులు... రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడ చూసినా అదే రాత. నరాల బలహీనతకు, శీఘ్రస్కలనానికి గ్యారంటీ ఆయుర్వేద చికిత్స అని. కింద ఒక ఫోన్ నంబరు, ఫలానా ఆదివారం ఫలానా లాడ్జిలో డాక్టరుగారు ఉంటారన్న కబురు. ఇప్పుడది సెల్‌ఫోన్‌లోకీ వచ్చేసింది. ఇలాంటి ప్రకటన ఇవ్వడం నేరం. లైంగిక సామర్థ్యాన్ని నిలబెడతామని, పెంచుతామని మందుల ప్రకటనలు చేయకూడదని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం మూడో సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. మొదటిసారి నేరం రుజువైతే ఆరు నెలల దాకా, మళ్లీ చేస్తే ఏడాది దాకా జైలు. ప్రచురణలో పాలుపంచుకున్నవారికీ ఆ నిషేధం వర్తిస్తుంది, అంటే పత్రికలకూ టీవీ చానళ్లకూ కూడా. ఏడు దశాబ్దాలుగా చట్టం ఉంది, ఏడు దశాబ్దాలుగా వ్యాపారమూ సాగుతోంది.

ఈ వ్యాపారం మొదట దోచుకుంటున్నది ఆయుర్వేదం పరువునే. లైంగిక సామర్థ్యాన్ని పెంచే చికిత్స అయిన వాజీకరణం ఆ శాస్త్రపు ఎనిమిది అంగాల్లో ఒకటి. చరక సంహిత చికిత్సా స్థానంలో రసాయన అధ్యాయం తర్వాత, జ్వర అధ్యాయం కంటే ముందు దానికి చోటు దక్కింది. అందులో పాలు, నెయ్యి, మినుములు, దూలగొండి, పిల్లిపీచరతో చేసే యోగాలు ఎన్నో ఉన్నాయి. వాటితోపాటు షరతులూ ఉన్నాయి. ముందు శరీరశోధన జరగాలి, ఆ తర్వాతే మందు. మనసు అదుపులో ఉన్నవాడికే ఇవ్వాలి. పదహారేళ్లు నిండనివారికి, డెబ్బై దాటినవారికి సంభోగం వద్దు. శుక్రం తరిగిపోవడానికి చరకుడు చెప్పిన కారణాల్లో ముసలితనం, వ్యాధి, అతి శ్రమ, తిండి లేకపోవడంతోపాటు చింత కూడా ఉంది. మనసుకు నచ్చిన స్త్రీని మించిన వాజీకరణం లేదనీ చెప్పాడు. రోగిని చూడకుండా, నాడి పట్టకుండా, కొరియర్‌లో పంపే డబ్బా మందుకు ఈ శాస్త్రంతో ఏ సంబంధమూ లేదు.

మూలికల్లో పస లేదని మేం అనడం లేదు. దూలగొండి గింజల్లో ఎల్-డోపా ఉంది. సంతానం కలగని పురుషులకు వాటిని ఇచ్చి చూసిన లక్నో కింగ్ జార్జ్ వైద్య విశ్వవిద్యాలయ పరిశోధకులు వీర్యంలో మెరుగుదల కనిపించిందని ప్రకటించారు. అశ్వగంధ మీదా అధ్యయనాలు జరిగాయి, ఫలితాలు కొంత ఆశాజనకంగానే ఉన్నాయి. అయితే అవి చాలామటుకు చిన్నవి, కొద్ది వారాలపాటు సాగినవి. అశ్వగంధ వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్న ఉదంతాలూ వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. 2023లో డెన్మార్క్ దాన్ని నిషేధించింది. మూలికలో శక్తి ఉందని నమ్మేవారే దాన్ని వైద్యుడి పర్యవేక్షణలో వాడాలని గట్టిగా పట్టుబట్టాలి.

డబ్బాలో నిజంగా మూలికే ఉందా అన్నది వేరే ప్రశ్న. వనమూలికల పేరుతో అమ్ముతున్న మాత్రల్లో అంగస్తంభనకు వాడే సిల్డెనఫిల్, తడలఫిల్ వంటి అల్లోపతి మందులను రహస్యంగా కలుపుతున్నారని అమెరికా ఎఫ్‌డీఏ ఏళ్ల తరబడి హెచ్చరిస్తూనే ఉంది. మాత్ర వేసుకున్న రాత్రే ఫలితం కనిపిస్తే అనుమానించాల్సింది ఇదే. గుండెనొప్పికి నాలుక కింద నైట్రేట్ మాత్ర పెట్టుకునే మనిషి, మూలికే కదా అని దీన్నీ మింగితే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణమే పోవచ్చు. లోహాల బెడద అదనం. ఇంటర్నెట్‌లో అమ్ముతున్న 193 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే ఐదింట ఒకదానిలో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ బయటపడినట్లు 2008లో అమెరికా వైద్య సంఘం పత్రిక ప్రచురించింది.

అన్నిటికన్నా పెద్ద నష్టం మాత్రం కంటికి కనిపించదు. అంగస్తంభన లోపం చాలాసార్లు రక్తనాళాల జబ్బుకు తొలి గుర్తు. పురుషాంగానికి రక్తం తెచ్చే ధమనులు గుండె ధమనుల కంటే సన్నవి, అందువల్ల పూడిక ప్రభావం ముందు అక్కడే తెలుస్తుంది. గుండె జబ్బు బయటపడడానికి రెండు నుంచి ఐదేళ్ల ముందే ఈ లక్షణం కనిపించవచ్చని హృద్రోగ నిపుణులు చెబుతున్నారు. మధుమేహం, రక్తపోటు, పొగతాగడం, దిగులుకు వాడే కొన్ని మందులు, ఇవీ కారణాలే. దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహులున్నారని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో తేల్చింది. నలభై ఐదేళ్ల మనిషి ఈ ఇబ్బందితో ఆస్పత్రికి వెళితే షుగరు, కొలెస్ట్రాల్ బయటపడతాయి, గుండె దక్కుతుంది. అతను సిగ్గుపడి లాడ్జి గదికి వెళితే ఆ రెండు నుంచి ఐదేళ్లూ వృథా.

కుర్రాళ్లది మరో బాధ. నిద్రలో వీర్యం పోతే ధాతువంతా కరిగిపోతోందని భయపడి చిక్కిపోయే స్థితికి మనోవైద్యుడు నరేంద్రనాథ్ విగ్ 1960లోనే ధాతు సిండ్రోమ్ అని పేరుపెట్టారు. వాళ్లకు కావలసింది ధైర్యం చెప్పే మాట. విజయవాడ డాక్టర్ సమరం దశాబ్దాలుగా తెలుగు పత్రికల్లో చేసింది ఆ పనే. ఆ భయానికే ధర కట్టి వేలకు వేలు గుంజడం క్రూరత్వం. కోస్తాలో కొన్నిచోట్ల పటుత్వం వస్తుందని గాడిద మాంసం తినే పిచ్చి ఇంకో కొస. 

ఆయుర్వేద మందుల ప్రకటనలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేస్తూ 2018లో తెచ్చిన 170వ నిబంధనను కేంద్రం 2024 జులైలో తొలగించింది. సుప్రీంకోర్టు ఆగస్టులో స్టే ఇచ్చింది, 2025 ఆగస్టులో కేసు ముగిస్తూ ఆ స్టేనూ ఎత్తేసింది. ఆ తొలగింపు తప్పు, కేంద్రం దిద్దుకోవాలి. ఆ నిబంధన పోయినంత మాత్రాన రాష్ట్రాల చేతులేమీ కట్టేయలేదు. 1954 చట్టం చెక్కుచెదరకుండా ఉంది. సోదా చేసి సరుకు స్వాధీనం చేసుకునే అధికారం గెజిటెడ్ అధికారికి అదే ఇస్తోంది. ఇలాంటి ప్రకటనలపై ఫిర్యాదులకు రెండు నెలల్లో యంత్రాంగం పెట్టాలని 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఆదేశించింది కూడా. ఫిర్యాదు ఎవరికి చేయాలో ప్రతి జిల్లాలోనూ ప్రజలకు తెలియాలి. మార్కెట్లోని మాత్రలను ల్యాబుకు పంపి, కల్తీ తేలిన వాటి పేర్లు బయటపెట్టాలి. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విజయవాడలో ఉన్న ప్రభుత్వ ఆయుర్వేద ఆస్పత్రుల్లో వారానికో రోజు పురుషుల ఆరోగ్యానికి కేటాయించి, రక్తపరీక్షలూ అక్కడే చేయాలి. సాటి పత్రికలు, చానళ్లు ఈ ప్రకటనల డబ్బు వదులుకోవాలి.

పాఠకులకు ఒక విన్నపం. ఈ ఇబ్బంది కొన్ని వారాలకు మించి ఉంటే ముందు షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోండి. అల్లోపతి అయినా ఆయుర్వేదమైనా రిజిస్టరైన వైద్యుడి దగ్గరికే వెళ్లండి, వాడుతున్న మందులన్నీ దాచకుండా చెప్పండి. వీలైతే భార్యనూ వెంట తీసుకెళ్లండి.