వస్త్రమూ ఒక వాచకమే

మన పాఠశాలలలో భాష అంటే పుస్తకం. బట్ట, సూది, దారం ఇవన్నీ చేతిపనుల గంటకు చెందినవి. ఈ విభజన ఎవరు చేశారో గాని, భాష మాత్రం దీనిని అంగీకరించినట్లు లేదు. సూత్రమంటే మొదట దారమే. కూర్చడం, ముడివేయడం అనే అర్థంగల ధాతువు నుండి గ్రంథమనే మాట పుట్టింది. ఈనాటికీ మనం కథ అల్లుతాము.

కాళహస్తి కలంకారీ తెరను శ్రద్ధగా చూచినవారికి నేను చెప్పబోయేది కొత్త కాదు. నడుమ ఒక పెద్ద దృశ్యం, పట్టాభిషేకమో మరొకటో. చుట్టూ వరుసలు తీర్చిన చిన్న చిన్న గళ్లు. ఒక్కొక్క గడిలో కథలోని ఒక్కొక్క ఘట్టం. అంచున పట్టీలో తెలుగు అక్షరాలలో దాని వివరం. చదువు వచ్చినవాడు అక్షరాన్ని చదువుకుంటాడు. రానివాడు రంగును చదువుకుంటాడు. నీలి మేనివాడు రాముడో కృష్ణుడో అయివుంటాడు. రాక్షసులకు తరచు ఎరుపో ఆకుపచ్చో. స్త్రీలకు సాధారణంగా పసుపు. ఇది వ్యాకరణం కాక మరేమిటి?

ఆ నల్లని గీత సంగతి మరీ విచిత్రం. గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఎండబెడతారు. పాలలోని కొవ్వు రంగును ప్రక్కకు పాకనీయదు. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపు నీటిలో రోజుల తరబడి పులియబెడితే వచ్చే ద్రవాన్ని కసిం అంటారు. వెదురుపుల్లకు గుడ్డ చుట్టి, దారంతో బిగించిన కలాన్ని అందులో ముంచి గీస్తే, గీత నల్లబడుతుంది. ఇనుమూ, కరక్కాయ వగరూ కలిసి పుట్టిన నలుపు అది. మన పూర్వులు కరక్కాయతో సిరా కాచుకున్నదీ ఈ రహస్యం తెలిసే. గుడ్డమీది బొమ్మకూ, కాగితంమీది అక్షరానికీ పుట్టిల్లు ఒకటేనన్నమాట.

అయితే బొమ్మ సర్వసమర్థమని నేననను. ‘రాముడు వచ్చాడు’ అని బొమ్మ చెప్పగలదు. ‘రాముడు రాలేదు’ అని చెప్పడం దానివల్ల కాదు. లేమిని చెప్పడానికి మాట కావాలి. పట్టీలో అక్షరాల అవసరం అందుకే కలిగిందనుకుంటాను.

ఈ చిక్కు దేవాలయపు తెరలకు మాత్రమే వచ్చినది కాదు. దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో 1973 సెప్టెంబరు 11న సైన్యం అధికారాన్ని కైవసం చేసుకున్నది. ఎందరినో పట్టుకొనిపోయారు, వారిలో అనేకులు తిరిగి రాలేదు. నోరు విప్పితే ప్రమాదం. శాంటియాగో నగరంలో ఆ ఇళ్ల ఆడవారు, కాథలిక్ చర్చి అండతో ఒకచోట చేరి, గోనెగుడ్డమీద పాతబట్టల పేలికలు కుట్టి బొమ్మలు చేశారు. కనిపించకుండా పోయినవారి దుస్తుల ముక్కలు కూడా వాటిలో చేరినవి. ఆ బొమ్మల పేరు ‘అర్పియేరా’. ఆ మాటకు అర్థం గోనెగుడ్డయే. అవి రహస్యంగా దేశం దాటి, నోళ్లు చెప్పలేని సంగతిని లోకానికి చెప్పినవి. ‘వారెక్కడ?’ అనే ప్రశ్న అనేకం వాటిమీద దారంతో కుట్టివుంటుంది. ఇక్కడ కూడా లేమి దగ్గరకు వచ్చేసరికి బొమ్మకు అక్షరం తోడు కావలసివచ్చింది.

ఇప్పుడు బజారులో యంత్రాలమీద అచ్చయిన ‘కలంకారీ’ గజాల లెక్కన దొరుకుతున్నది. (బందరు చెక్క అచ్చుల అద్దకాన్ని నేనిక్కడ అనడం లేదు, అదొక స్వతంత్రమైన విద్య.) ఒకే ముఖం పదే పదే, ముందు కథ లేదు, వెనుక కథ లేదు, పట్టీలో అక్షరం లేదు. కలం పోయి పేరు మాత్రం మిగిలింది. చవుకగా దొరికే గుడ్డ కట్టుకోవద్దని ఎవరినీ అనలేము. కాని అది ఒకే మాటను వేయిసార్లు వ్రాసిన పుటవంటిదని పిల్లవానికి తెలియవద్దా? తెలియాలంటే అసలు తెరను ఒక్కసారయినా పాఠంగా చదివివుండాలి. ఆ పని డ్రాయింగు మాస్టారిది కాదు, తెలుగు మాస్టారిది.

కాళహస్తి దూరమయితే ఇంట్లో బొంత వున్నది. ఏ ముక్క ఎవరి చీరదో, ఎవరి పంచె చిరిగి అందులో చేరిందో అమ్మమ్మను అడిగి వ్రాసుకొని రమ్మంటే చాలు. కొన్ని ముక్కల దగ్గర ఆమె కొంచెం ఆగుతుంది. ఆ ఆగడాన్ని ఎలా వ్రాయాలని పిల్లవాడు అడిగితే, ఉపాధ్యాయుడు కూడా కాసేపు ఆలోచించవలసివస్తుంది.