ఒకే నెలలో మూడు బదిలీలు!

భద్రాచలం వాళ్లకు ఎక్కాలు రాకపోయినా మూడు అంకెలు మాత్రం నిద్రలో లేపి అడిగినా వచ్చేస్తాయి. 43, 48, 53. గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. వానాకాలం వచ్చిందంటే పాలాయన, కూరగాయలావిడ, పక్కింటివాళ్లు... ఎవరు ఎదురైనా పలకరింపు ఒకటే: 'ఎన్ని అడుగులుందట?'

మా ఇంట్లో ఈ హెచ్చరికలకు వానాకాలంతో పనిలేదు. మూడేళ్ల బుడ్డోడూ, ఏడు నెలల చిట్టీ ఉన్న కొంపలో ఏడాది పొడుగునా వరదే. చిట్టి కింది పెదవి ముందుకొచ్చిందంటే మొదటి హెచ్చరిక. కాళ్లు టపటపా కొట్టుకుంటే రెండోది. ఏడ్చి ఏడ్చి గుక్కపట్టి, చప్పుడు ఆగిపోయిందా... మూడోది! ఇక చేతిలో గరిటె ఉన్నా, ఫోనున్నా అక్కడే పడేసి పిల్లను పునరావాస కేంద్రానికి, అంటే మా అత్తమ్మ ఒళ్లోకి తరలించాల్సిందే. మావారు ఆఫీసు నుంచి ఫోన్ చేసి 'ఎన్ని అడుగులు?' అంటారు. '47... నిలకడగా ఉంది' అంటాను. ఎగువ నుంచి ఎప్పుడు నీళ్లు వదులుతుందో మాత్రం ఏ అధికారీ ముందుగా చెప్పలేడు. ఎత్తుకున్నవాళ్ల చీర తడిశాకే తెలుస్తుంది.

అత్తమ్మ మాత్రం చలించదు. 'ఎనభై ఆరు ఆగస్టులో 75.6 అడుగులు చూసినదాన్ని. మొన్న 2022 జులైలో 71.3 చూసినదాన్ని. ఈ గుప్పెడు పిల్ల ఏడుపు నాకో లెక్కా?' అంటుంది. అన్నట్టే రెండు నిమిషాల్లో వరద తగ్గుముఖం పడుతుంది.

చిట్టి సంగతి ఇంతే. తిప్పలన్నీ బుడ్డోడితోనే.

ఆమధ్య ఖమ్మం వెళ్లడానికి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చింది కదా, కండక్టర్ నాకూ అత్తమ్మకూ చెరో సున్నా టికెట్ చింపి ఇచ్చాడు. ఐదేళ్లలోపు పిల్లలకు టికెట్ ఎటూ అక్కర్లేదు. మనకది లాభం. వాడికది అవమానం! 'అందరికీ ఇచ్చాడు, నాకియ్యలేదు' అని పాల్వంచ దాకా ఒకటే రాగం. ఆఖరికి ఆ కండక్టరే వచ్చి, మిషన్లోంచి తెల్లకాగితం ముక్క చింపి 'ఇదిగో సార్, మీ టికెట్' అని చేతిలో పెట్టాడు. సార్ గారు దాన్ని మురిపెంగా చెల్లికి చూపించారు. చెల్లి దాన్ని నోట్లో పెట్టుకుంది. కొత్తగూడెం వచ్చేదాకా జరిగిన యుద్ధం గురించి రాయాలంటే ఈ పేజీ చాలదు.

సరే, ఇవన్నీ నవ్వుకోవడానికి. అసలు కథ పోయిన నెలలో మొదలైంది. మా ఇంట్లో ఒకేసారి ముగ్గురికి బదిలీలయ్యాయి.

మొదటి బదిలీ చిట్టిది. ఆరు నెలలు నిండాయి కాబట్టి ఒట్టి తల్లిపాల నుంచి పాలూ, మెత్తటి తిండీ అనే కొత్త పోస్టులోకి. రెండోది నాది. 2017లో చట్టం మారాక ఇద్దరు పిల్లల వరకూ ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. ఆ 26 వారాలూ అయిపోయి నేను మళ్లీ ఆఫీసుకి. మూడోది బుడ్డోడిది. అందులోనే వచ్చింది చిక్కంతా.

అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి మూడేళ్ల వరకూ పిల్లలకు బాలామృతం ఇస్తారని మీకు తెలిసే ఉంటుంది. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపి చేసిన పిండి. నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్టు. బుడ్డోడు దాన్ని 'నా పిండి' అంటాడు. వేడినీళ్లలో కలిపి పెట్టేది నేనైనా, ప్యాకెట్టు మీద హక్కులన్నీ వాడివే. పోయిన నెల ప్యాకెట్టు కోసం చెయ్యి చాస్తే టీచరమ్మ నవ్వుతూ, 'నీకు మూడేళ్లు నిండాయి కదా నాన్నా! ఇక నువ్వు రోజూ ఇక్కడికే వచ్చి అన్నం, గుడ్డు తినాలి. ఈ పిండి చెల్లికి' అంది. ప్యాకెట్టు వాడి చేతిని దాటుకుని చిట్టి ఖాతాలోకి వెళ్లిపోయింది.

వాడు ఏడవలేదు. అదే నాకు భయమేసింది. దారి పొడుగునా ఒక్క మాట లేదు.

ఆలోచించండి. అప్పటికే చీర ఉయ్యాల పోయింది. రాత్రిళ్లు అమ్మ పక్కన చోటు పోయింది. నాయనమ్మ ఒళ్లో సగం పోయింది. ఇప్పుడు పిండి కూడా! పెద్దవాళ్లం మన కుర్చీ పక్కకి జరిపితేనే వారం రోజులు ముఖం మాడ్చుకుంటామే, మూడేళ్ల ప్రాణం ఎంతని ఓర్చుకుంటుంది?

ఆ రాత్రి పక్క తడిపాడు. మర్నాడు ముద్దుముద్దుగా మాట్లాడటం మొదలెట్టాడు. చెల్లి పుట్టాక పెద్దపిల్లలు ఇలా వెనక్కి వెళ్లడం మామూలేననీ, తిట్టకుండా దగ్గరికి తీసుకోమనీ పిల్లల డాక్టర్లు చెబుతుంటారు. అత్తమ్మ ఏ డాక్టరునీ అడగలేదు. ఓ మధ్యాహ్నం చిట్టి మా చెల్లెలి దగ్గర ఆడుకుంటుంటే, వాడు ఉయ్యాల్లోకి దూరి 'నేను పాపను' అన్నాడు. వాడి బరువుకి ఉయ్యాల నేలకు ఆనింది. అత్తమ్మ ఏమీ అనకుండా, నేల మీద చీపురులా రాసుకుపోతున్న ఆ ఉయ్యాలను పావుగంట ఊపింది. తర్వాత వాడే లేచి, 'నడుము నొప్పిగా ఉంది' అని దిగిపోయాడు!

అంతటితో ఆగితే బాగుండు. మర్నాడు వంటింట్లోంచి వచ్చేసరికి చిట్టి తలనిండా, ఒళ్లంతా లేతరంగు పిండి. పక్కన బుడ్డోడు, దోసిట్లో బాలామృతంతో. 'ఏంట్రా ఇది?' అంటే, 'తలంబ్రాలు' అన్నాడు శాంతంగా. శ్రీరామనవమికి రాములవారి కల్యాణం చూసొచ్చిన పిల్లాడు మరి! పైగా మా ఊరి తలంబ్రాలు ఎర్రగా ఉంటాయని గుర్తుపెట్టుకుని దేవుడి గూట్లో కుంకుమ కూడా కలిపాడు. అది అభిమానమో, కక్షో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. చిట్టి మాత్రం చెంపల మీది పిండి నాకుతూ నవ్వుతోంది.

అంగన్‌వాడీకి వెళ్లడం మొదలయ్యాక వాడికి కొత్త రాజ్యం దొరికింది. అక్కడ కోయపిల్లలు స్నేహితులు. వారం తిరక్కుండానే ఓ మధ్యాహ్నం ఇంటికొస్తూనే 'నాయనమ్మా, ఏరు!' అన్నాడు. 'ఈ ఎండలో ఏటికెందుకురా, మొసలి లాక్కుపోతుంది' అంది అత్తమ్మ. 'ఏరు కావాలి!' అని వాడు. 'గోదారికి సాయంత్రం తీసుకెళ్తాగా' అని ఆమె. వాడు విసిగిపోయి కుండ దగ్గరికెళ్లి గ్లాసు ముంచుకుని తాగి చూపించాడు. కోయ భాషలో ఏరంటే నీళ్లు! ఇంట్లో ఎవరికీ రాని మాట తనకొచ్చని తెలిశాక వాడి నడకే మారిపోయింది. చెల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుని 'ఏరు... అను, ఏరు' అని పాఠాలు. ఆమె అన్నిటికీ ఒకటే జవాబు: 'బ్బా!'

మొన్న నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి బుడ్డోడి చొక్కా జేబు ఉబ్బి ఉంది. వేలు పెడితే మెత్తగా తగిలింది. అంగన్‌వాడీలో పెట్టిన గుడ్డు, సగం తిని సగం దాచింది. పొద్దుటి నుంచీ ఆ జేబులో దొర్లి ముద్దయింది.

'ఎందుకురా నాన్నా ఇది?'

'చెల్లికి. దానికి పళ్లు లేవుగా, నేను నమిలి పెడతా' అన్నాడు.

ఆ గుడ్డు చిట్టికి పెట్టకుండా వాణ్ని ఒప్పించడానికి అరగంట పట్టింది. చొక్కా మూడుసార్లు ఉతికినా వాసన పోలేదు. అయినా పారేయడానికి నాకు మనసొప్పడం లేదు.